అత్త ఏమీ చెప్పలేదు

ఆ అపార్ట్‌మెంటులో పిల్లలందరూ ఆవిడను పళ్ళత్త అని పిలిచేవాళ్ళు. కట్టుడు పళ్ళు చేసే లాబ్‌లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ పేర్చుకుంటూ పోయే పని. ఒక పన్ను వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఎక్కడో ఎవరో నోరు కదపలేక అవస్థ పడతారు. అందుకని ఆవిడ చేతులు తొందరపడవు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళతో, "పళ్ళు కొరుక్కుంటూ బతకడం కంటే పళ్ళు చేసుకుంటూ బతకడం నయం కదండీ" అని నవ్వేసేది.

మూడో అంతస్తులో తమ్ముడు, మరదలు, వాళ్ళ కూతురు, ఆవిడ కలిసి ఉండేవాళ్ళు. చివరి గది ఆవిడది. ఆ గదిలో బల్ల మీద, గాజుపెట్టెలో, మామ్మగారు ఉండేది.

మామ్మగారంటే ఒక టరాంటులా. అరచెయ్యంత సాలీడు. ఒళ్ళంతా గోధుమరంగు నూగు, మోకాళ్ళ దగ్గర నారింజరంగు పట్టీలు. లాబ్‌లో ఇదివరకు పనిచేసిన ఒకాయన ఊరు మారిపోతూ, "నీ చేతులు నెమ్మది, నీ దగ్గరైతే బతుకుతుంది" అని అప్పగించి వెళ్ళాడు. ఆడది కాబట్టి ఇరవై ఏళ్ళు దాటి బతుకుతుందని కూడా చెప్పాడు. రోజంతా బెరడుముక్క కింద కదలకుండా కూర్చుని, వారానికోసారి ఒక బొద్దింకను తిని, మిగతా వేళల్లో లోకం మీద అలిగినట్టు ఉంటుంది కనక మరదలే దానికి మామ్మగారని పేరు పెట్టింది. పేరు పెట్టిందే కాని మరదలు ఆ గదిలో అడుగుపెట్టేది కాదు. "మీ మామ్మగారికి నా నమస్కారాలు చెప్పండి వదినా" అని గుమ్మం బయటినుంచే అనేది.

తమ్ముడి కూతురు మాత్రం ఆ గదిలోనే పెరిగింది. పుట్టినప్పుడు మరీ చిన్నగా ఉందని ఆసుపత్రిలో నర్సు "గింజంత ఉంది" అంది, అప్పటినుంచీ గింజ అనే పేరే నిలిచిపోయింది. ఐదేళ్ళప్పుడు గాజుకు ముక్కు ఆనించి చూస్తూ, "అత్తా, నేను పట్టుకోనా?" అని అడిగింది.

"పట్టుకోవడం మన సరదా. దానికేం సరదా కాదు" అంది పళ్ళత్త.

"కరుస్తుందా?"

"కరవడం కంటే ఇంకో పని చేస్తుంది. భయమేస్తే వెనక్కాళ్ళతో పొట్టమీది నూగు గీకి మన మీదకి ఎగరేస్తుంది. సన్నటి ముళ్ళు అవి, కంటికి కనబడవు."

ఒకరోజు పెట్టె శుభ్రం చేస్తుంటే నిజంగానే ఆవిడ మణికట్టు మీద పడ్డాయి. ఎర్రగా దద్దురు లేచింది. పళ్ళత్త గోకలేదు. గింజను పిలిచి చెయ్యి చూపించింది. అతుకుడు టేపు ముక్క చర్మానికి అంటించి లాగి, మళ్ళీ ఇంకో ముక్క అంటించి లాగి, తర్వాత పంపు కింద చెయ్యి పెట్టింది.

"కంట్లో పడితేనో?" అంది గింజ.

"కంట్లో పడితే నలపకూడదు. నలిపితే లోపలికి దిగుతాయి. నీళ్ళతో కడిగి వెంటనే కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. పోయి, నలుసు పడిందని చెప్పకూడదు. సాలీడు నూగు పడిందని చెప్పాలి. చెప్పకపోతే ఆయన వెతకడు, వెతక్కపోతే దొరకవు."

గింజ అత్త చెప్పినవన్నీ ఒక అట్టముక్క మీద రాసుకుంది. 'మొహం దగ్గిర పెట్టకూడదు. ఎత్తులో పట్టుకోకూడదు, కిందపడితే పొట్ట పగిలిపోతుంది. పొట్ట నల్లబడితే అస్సలు తియ్యకూడదు, అప్పుడు మామ్మ చర్మం మార్చుకుంటుంది. చేతులు కడుక్కోవాలి (సబ్బుతో).' సబ్బుతో అన్న మాట కింద రెండు గీతలు గీసింది. ఆ అట్టను గాజుపెట్టెకి అంటించారు. పెట్టెకి చిన్న తాళం. తాళంచెవి బీరువాలో, దారపుండలున్న డబ్బాలో. అది ఎక్కడుంటుందో ఇంట్లో ఇద్దరికే తెలుసు. మూడేళ్ళలో గింజ ఒక్కసారి కూడా ఆ డబ్బా ముట్టుకోలేదు. స్నేహితులొస్తే తనే గుమ్మంలో నిలబడి, "ఒక్కొక్కరే రండి, గాజు కొట్టకండి, మామ్మకి తలనొప్పి" అని మ్యూజియంలో ఉద్యోగిలా హుకుం జారీ చేసేది. పళ్ళత్త మైనం చెక్కుకుంటూ వినీ విననట్టు నవ్వుకునేది.

తమ్ముడు లిఫ్టులు అమ్మే కంపెనీలో పనిచేసేవాడు. మాటకారి. నలుగురున్న చోట తనే మాట్లాడాలి, మిగతా ముగ్గురూ నవ్వాలి. ఆ ఏడు వాళ్ళ శాఖకి కొత్త అధికారిని వేస్తారని, ఆ పదవి తనకే రావచ్చని ఆశ. అందుకని ఒక ఆదివారం మేనేజర్‌ని కుటుంబంతో సహా భోజనానికి పిలిచాడు. మరదలు మూడురోజుల ముందునుంచే కర్టెన్లు ఉతకడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారం పొద్దున్నే పళ్ళత్తకి లాబ్ నుంచి ఫోనొచ్చింది. ఎవరో లెక్చరర్‌గారి పైవరస సెట్టు రెండుగా విరిగిందట. మర్నాడే ఆయన పెద్దసభలో మాట్లాడాలట. ఆవిడ వెళ్ళేముందు గాజుపెట్టె దగ్గర వంగి చూసింది. మామ్మగారు మూడు వారాలుగా ఏమీ తినడం లేదు, పొట్ట నల్లబడి బిగుసుకుంది. తాళం ఒకసారి లాగి చూసి, "ఇవాళ మామ్మని ఎవరూ కదిలించకుండా చూడు" అని గింజకి చెప్పి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి నాలుగైంది. అతిథులు వెళ్ళిపోయారు. తమ్ముడు టీవీ ముందు కూర్చుని కుడిచేతి వేళ్ళ సందులు గోక్కుంటున్నాడు. పళ్ళత్త అది చూసింది. ఏమీ అడగకుండా గదిలోకి వెళ్ళింది. తాళం వేసే ఉంది, కాని తిరగేసి ఉంది. లోపల నీళ్ళగిన్నె బోర్లాపడి ఉంది. మామ్మగారు మూలకి నక్కి ఉంది, దాని పొట్ట పైన పావలాబిళ్ళంత మేర నూగు ఊడి నున్నగా మెరుస్తోంది.

మంచం పక్కన నేల మీద గింజ మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చుంది.

"తాళంచెవి ఎక్కడుందో నేనే చెప్పానత్తా" అంది. "నాన్న గద్దించి అడిగాడు."

తర్వాత మిగతాది చెప్పింది. మేనేజర్ బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆడవాళ్ళిద్దరూ వంటింట్లో ఉన్నారు. మేనేజర్‌గారి అబ్బాయికి ఆరేళ్ళు, తోచక పేచీ పెడుతున్నాడు. నాన్న, "రా బాబూ, నీకో రాక్షసిని చూపిస్తా" అని మామ్మని తీసుకొచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"నేను వద్దన్నానత్తా. పొట్ట నల్లగా ఉంది, మొహం దగ్గిర పెట్టద్దు నాన్నా అన్నాను. పెద్ద చెప్పొచ్చావులే అన్నాడు. ఆ బాబు కుర్చీ ఎక్కి ఇంత దగ్గరికి వంగాడు. మామ్మ వెనక్కాళ్ళతో గబగబా గీకింది. నాన్నకి దురదేసి చెయ్యి విదిల్చాడు. మామ్మ బల్ల మీద పడింది. ఆ బాబు కళ్ళు నలుపుకుని ఏడ్చాడు."

"వాళ్ళకేం చెప్పాడు?"

"గాజులోంచే చూపించాను, కంట్లో నలుసు పడింది అని చెప్పాడు."

పళ్ళత్త హాల్లోకి వచ్చి టీవీ కట్టేసింది.

"వాళ్ళకి ఫోన్ చెయ్యరా. ఇప్పుడే."

"చేసి ఏమని చెప్పను? మీవాడి కంట్లో మా ఇంటి సాలీడు బొచ్చు పడిందనా? కడిగాం కదక్కా. పొద్దుటికి తగ్గిపోతుంది."

"తగ్గదు. కంటి గుడ్డులోకి దిగిపోతాయి. నలుసని చెబితే ఏ డాక్టరూ..."

"అబ్బ, నీకు పళ్ళు తెలుసు, కళ్ళు కూడా తెలుసా?" అన్నాడు, తన మాటకి తనే నవ్వుతూ. ఆవిడ నవ్వకపోవడం చూసి గొంతు తగ్గించాడు. "సరే, చేస్తాను. పడుకునేలోపు చేస్తాను. నా మీద ఒట్టు, సరేనా?"

ఆవిడ నమ్మింది. ఆ తర్వాత చాలాకాలం ఆవిడను తొలిచింది ఆ నమ్మడమే. చిన్నప్పుడు స్కూల్లో గ్లోబు పగలగొట్టి ఇలాగే ఒట్టేసి అక్క మీదకు తోసినవాడు. నలభై ఏళ్ళొచ్చాక మారి ఉంటాడని ఎందుకనుకుందో ఆవిడకే తెలీదు.

మర్నాడు సాయంత్రం అడిగితే, "ఇవాళ ఆయన ఆఫీసుకి రాలేదక్కా" అన్నాడు.

"ఎందుకు రాలేదో అడిగావా?"

తమ్ముడు టీవీ పెట్టుకున్నాడు. పళ్ళత్త వంటింట్లోకి వెళ్ళింది. మరదలు గిన్నెలు తోముతూ వెనక్కి తిరక్కుండానే, "నేనేం చూడలేదు వదినా. నన్ను మధ్యలోకి లాగకండి" అంది. కాస్సేపాగి, తడిచెయ్యి చీరకి తుడుచుకుని, ఒక కాగితం ముక్క మీద నంబరు రాసి గట్టు మీద పెట్టింది. "ఆవిడ నంబరు. నేనిచ్చానని మాత్రం చెప్పకండి."

పళ్ళత్త ఫోన్ చేస్తే మేనేజర్‌గారి భార్య గొంతు ఎత్తలేదు, అరవలేదు. అబ్బాయి కన్ను తెరవడం లేదని, పిల్లల డాక్టరు చుక్కలిచ్చాడని, అయినా నిన్నటికంటే ఎర్రబడిందని చెప్పింది. పళ్ళత్త జరిగింది జరిగినట్టు చెప్పేసింది. "కంటి ఆసుపత్రికే తీసుకెళ్ళండమ్మా. సాలీడు నూగు అని చెప్పండి. మైక్రోస్కోపు కింద పెట్టి చూడమనండి. అడగడానికి మొహమాటపడకండి."  అవతలినుంచి "ఇప్పుడా చెప్పేది?" అన్న మాట వినిపించి ఫోను ఆగిపోయింది.

కంటి డాక్టరు ఆ పిల్లాడికి మత్తిచ్చి సన్నటి పట్టకారుతో పద్నాలుగు ముళ్ళు తీశాడు. కొన్ని లోపలికి దిగిపోయాయి. అవి కదిలిస్తే ఇంకా ప్రమాదమని వదిలేశాడు.

గురువారం సాయంత్రం మేనేజర్ ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పి, ఇచ్చిన నీళ్ళు ముట్టకుండా, సోఫా అంచున కూర్చున్నాడు. "మావాడు కూడా చెబుతున్నాడు, అంకుల్ బల్ల మీద పెట్టాడని. నలుసన్నారు కదండీ మీరు?" అన్నాడు.

తమ్ముడి మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ఒక్క క్షణమే.

"పెట్టాను సార్, తప్పే. కాని అందులో అపాయముందని నాకు తెలిస్తే పెడతానా? మా అక్క దాన్ని ఇంట్లో పిల్లిపిల్లలా పెంచుతుంది. ఏమీ చెయ్యదు, పిల్లలు కూడా ఆడుకోవచ్చు అని తనే అంటుంది. మేం నమ్మాం. నూగు ఎగరేస్తుందని, కంట్లో పడుతుందని ఒక్కనాడూ చెప్పలేదు. తను మీ ఆవిడకి ఫోన్ చేసి చెప్పేదాకా నాకూ తెలీదు సార్."

 పళ్ళత్త, "చెప్పలేదా? పెట్టెకి రాసి అంటించి ఉంది. రండి, చూపిస్తాను" అని మేనేజర్‌ని గదిలోకి తీసుకెళ్ళింది. గాజు మీద అట్ట లేదు. నాలుగు మూలలా టేపు ముక్కలు మాత్రం అంటుకుని ఉన్నాయి.

"ఇక్కడే ఉండేది" అంది. తన గొంతు అబద్ధమాడేవాళ్ళ గొంతులా ఉందని ఆవిడకే అనిపించింది. "మా గింజ చేత్తో రాసింది. దాన్నే అడగండి."

గింజ గుమ్మంలో నిలబడి ఉంది. మేనేజర్ చెడ్డవాడు కాదు. పిల్లకి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, మెల్లగా అడిగాడు. "అమ్మా, ఈ సాలీడుతో ఎలా ఉండాలో, ఏం చెయ్యకూడదో, మీ అత్త నీకేమైనా చెప్పిందా?"

గింజ అత్త వైపు చూడలేదు. ఆయన భుజం మీదుగా వాళ్ళ నాన్నను చూసింది. తమ్ముడు ఏమీ అనలేదు, సైగైనా చెయ్యలేదు. నేర్పించవలసింది ఆ మూడురోజుల్లో నేర్పించే ఉంటాడు.

"ఏమీ చెప్పలేదు" అంది గింజ.

తమ్ముడు వచ్చి కూతురి తల మీద చెయ్యి వేశాడు.

పళ్ళత్త ఇంకో ప్రశ్న వేస్తే ఆ అబద్ధం అక్కడే విరిగిపోయేది. పొట్ట నల్లబడితే ఏం చెయ్యకూడదే అని అడిగితే చాలు. ఆ పిల్ల పెదవుల దాకా వచ్చేస్తుంది జవాబు. ఆవిడ అడగలేదు. ఎనిమిదేళ్ళ పిల్లను నలుగురి మధ్యా నిలబెట్టి, నాన్న అబద్ధాలకోరని దాని నోటితోనే చెప్పించడానికి ఆవిడకి మనసు రాలేదు. ఆ క్షణంలో అది దయ అనుకుంది. చేతకానితనమేమోనని తర్వాత అనుకుంది.

మేనేజర్ లేచి పళ్ళత్త వైపు తిరిగాడు. "పెద్దవారు. మీకైనా ఉండాలి కదండీ" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మరుసటి సోమవారం పళ్ళత్త లాబ్ నుంచి వచ్చేసరికి మెట్ల దగ్గరే మందు వాసన కొట్టింది. పురుగుల మందు కొట్టే మనిషి ముక్కుకి గుడ్డ కట్టుకుని డబ్బా భుజాన వేసుకుని దిగుతూ ఎదురయ్యాడు. ఆవిడ రెండేసి మెట్లెక్కి వెళ్ళింది. గది తలుపు తీసి ఉంది. పెట్టె మూత తీసి ఉంది. మామ్మగారు వెల్లకిలా, కాళ్ళన్నీ గుప్పిట్లా లోపలికి ముడుచుకుని పడి ఉంది. చర్మం మార్చుకునేటప్పుడు కూడా వెల్లకిలానే పడుకుంటుంది కాని, అప్పుడు కాళ్ళు చాచి ఉంటాయి. ఆవిడకి ఆ తేడా తెలుసు. అయినా కుంచెతో వెనకకాలు ఒకసారి తాకి చూసింది.

తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. "ఇంట్లో ఆడపిల్ల ఉంది కదక్కా. రేపు దానికేమైనా అయితే?" అన్నాడు. చేతిలో ఫోనుంది. చచ్చిన సాలీడు ఫోటో తీసి మేనేజర్‌కి పంపాడు. అవతలినుంచి 'సంతోషం' అని ఒక్క మాట వచ్చింది. తమ్ముడు అది అక్కకి చూపించాడు. ఏదో శుభవార్త ఇద్దరూ పంచుకోవాలన్నట్టు చూపించాడు.

"నీకు కావలసింది దక్కిందిరా" అంది ఆవిడ.

"అదేం మాటక్కా. నీ మంచికే కదా."

పళ్ళత్త లాబ్‌కి రెండు వీధుల అవతల ఒక గది చూసుకుంది. సామాను సర్దుకునే రోజు తమ్ముడు ఆఫీసులో ఉన్నాడు. మరదలు గుడ్లనీరు కుక్కుకుంటూ పుస్తకాలు కట్టకట్టి ఇచ్చింది. కాని "ఉండండి వదినా" అన్న మాట ఆమె నోటినుంచి రాలేదు. గింజ స్కూలు బట్టలతోనే వచ్చి, ఖాళీ అయిన బల్లకి ఆనుకుని నిలబడింది. చాలాసేపు బల్ల అంచు గోటితో గీరింది.

"అత్తా, నా మీద కోపమా?"

"లేదే" అంది పళ్ళత్త.

అది నిజం కాదు. ఆవిడకి కోపంగానే ఉంది. పాలపళ్ళు ఇంకా పూర్తిగా ఊడని పిల్ల మీద కోపమేమిటని తనను తను తిట్టుకుంది. కోపం పోలేదు. గింజ ఆ సంగతి కనిపెట్టింది కాబోలు, ఇంకేమీ అడక్కుండా వెళ్ళి వాళ్ళమ్మ వెనక నిలబడింది.

ఆ అబ్బాయి కన్ను పోలేదు. ఏడాదిన్నర పాటు చుక్కలు వేశారు. ఇప్పుడు కళ్ళద్దాలతో చదువుకుంటున్నాడు, ఎండలోకి వెళితే ఆ ఒక్క కన్ను మూసుకుంటాడు. పళ్ళత్త అప్పుడప్పుడూ కంటి ఆసుపత్రి కౌంటరులో వాకబు చేసేది. మీరేమవుతారని అడిగితే ఏం చెప్పాలో తోచక వచ్చేసేది. తమ్ముడికి ఆ పదవి వచ్చింది. వెంటనే కాదు, రెండేళ్ళకు.

పదవి వచ్చిన సందర్భంగా అతను అందరినీ ఇంటికి పిలిచాడు. అక్కని కూడా పిలిచాడు. మరదలు రెండుసార్లు ఫోన్ చేసి బతిమాలితే ఆవిడ వెళ్ళింది. హాలు నిండా ఆఫీసువాళ్ళు. భోజనాలయ్యాక తమ్ముడు అలవాటు ప్రకారం మధ్యలో నిలబడి కబుర్లు మొదలుపెట్టాడు. కాస్సేపటికి కథ సాలీడు మీదకి వచ్చింది.

"మా అక్క ఉందే, ఆవిడ ఇంట్లో ఏం పెంచిందో తెలుసా? ఇంత సాలీడు! దానికి బొద్దింకలు మేపేది. దానికి పేరు కూడానూ, మామ్మగారట! మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికామనుకోండి." చేతులు చాచి సాలీడు కొలత చూపించాడు. అది ఇప్పుడు భోజనం పళ్ళెమంత అయింది. అందరూ నవ్వారు. అక్క వైపు తిరిగి సరదాగా చూశారు. ఎవరి చూపులోనూ చెడు లేదు.

"పాపం, పాపకి భయమెయ్యలేదా?" అని ఎవరో ఆవిడ అడిగింది.

గింజ తల్లి పక్కన కూర్చుని ఉంది. పదో ఏడు దాటింది, కాస్త పొడుగైంది. "అమ్మో, చాలా భయమేసేది" అంది. "నేను ఆ గదిలోకి అసలు వెళ్ళేదాన్నే కాదు. రాత్రి కలలోకి వచ్చేది." చెబుతూ రెండు చేతులూ భుజాల మీద వేసుకుని వణికినట్టు చేసింది. మళ్ళీ అందరూ నవ్వారు.

పళ్ళత్త ఆ పిల్ల కళ్ళలోకి చూసింది. అందులో దొంగచూపు వెతికింది. కాస్తయినా తడబాటు ఉంటుందేమో, చూపు తిప్పుకుంటుందేమో అని చూసింది. గింజ చూపు తిప్పుకోలేదు. అత్తకేసి తిన్నగా, స్నేహంగా, దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసి నవ్వింది. ఆ పిల్ల అబద్ధమాడడం లేదు. నిజంగానే భయపడ్డానని నమ్ముతోంది.

పళ్ళత్త చేతిలోని గ్లాసు కింద పెట్టి, పొద్దున్నే లాబ్‌లో పనుందని మరదలితో చెప్పి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.